జెండర్ గుర్తింపును అర్థం చేసుకుని వైద్యం దాకా వెళ్లడం ఎలా?

పుట్టినప్పుడు తమకు రాసిన జెండర్ తమది కాదేమోనని ఆలోచించడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకే దగ్గర చిక్కుకుపోతారు. ‘నేను నిజంగా ట్రాన్స్‌జెండర్‌నేనా?’ అనే ప్రశ్న, ‘నేను హార్మోన్లు వాడాలా, ఆపరేషన్ చేయించుకోవాలా?’ అనే ప్రశ్న రెండూ ఒకటేననుకోవడమే ఆ చిక్కు. మొదటిదానికి అవునంటే రెండోదానికీ తలూపాల్సి వస్తుందేమోనని భయం. రెండోదానికి మనసు ఒప్పుకోకపోతే మొదటిది కూడా భ్రమేమోనని అనుమానం. ఈ ఊగిసలాటలోనే ఏళ్లు గడిచిపోతాయి.

కాబట్టి ముందు చేయాల్సిన పని ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడం. మీరెవరన్నది మీరు చెప్పాల్సిన మాట. దాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ఎవరి ముందూ రుజువు చేసుకోవాల్సిన అవసరమూ లేదు. మీ శరీరానికి ఏం కావాలన్నది వేరే ప్రశ్న. దానికి సమాచారం కావాలి, మీ ఆరోగ్య పరిస్థితి తెలియాలి, లాభనష్టాలు తూచుకోవాలి. కొందరు ట్రాన్స్ వ్యక్తులు జీవితాంతం ఒక్క హార్మోన్ మాత్ర కూడా వేసుకోరు. కొందరికి హార్మోన్లతో సరిపోతుంది. ఇంకొందరికి ఛాతీని చదును చేసే ఆపరేషన్ ఒక్కటే కావాలి, హార్మోన్లు అక్కర్లేదు. వీళ్లలో ఎవరి గుర్తింపూ మరొకరి గుర్తింపు కంటే తక్కువది కాదు.

మీలో మీరు గమనించుకోండి

ముందుగా రెండు మూడు విషయాలు కలగాపులగం కాకుండా చూసుకోండి. మీకు ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది ఒక సంగతి. మిమ్మల్ని మీరు ఎవరిగా ఎరుగుదురన్నది మరో సంగతి. ట్రాన్స్ మహిళకు, అంటే పుట్టినప్పుడు మగ అని రాసినా తనను మహిళగా ఎరిగిన మనిషికి, పురుషుల మీద ఆకర్షణ ఉండవచ్చు, మహిళల మీద ఉండవచ్చు, ఇద్దరి మీదా ఉండవచ్చు, ఎవరి మీదా ఉండకపోవచ్చు. ఇంటర్‌సెక్స్ అనేది క్రోమోజోముల్లోనో, హార్మోన్లలోనో, జననాంగాల్లోనో పుట్టుకతో ఉండే తేడాలకు సంబంధించినది. అది గుర్తింపు గురించిన మాట కాదు. స్త్రీ, పురుషుడు అనే రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడని వాళ్లు తమను నాన్ బైనరీ వ్యక్తులుగా చెప్పుకుంటారు.

తర్వాత కొన్ని వారాల పాటు రాసుకోండి. ‘నేనెవరు’ అన్న పెద్ద ప్రశ్నతో మొదలుపెట్టవద్దు, పేజీ ఖాళీగానే ఉండిపోతుంది. రోజులో జరిగిన చిన్న సంగతులు రాయండి. ఫోనులో అవతలి అపరిచితుడు ‘సార్’ అన్నప్పుడు, ‘మేడమ్’ అన్నప్పుడు లోపల ఏమనిపించింది? గ్రూప్ ఫొటో తీస్తామంటే ఎందుకు పక్కకు తప్పుకున్నారు? జుట్టు కత్తిరించుకుని వచ్చాక అద్దం ముందు ఎక్కువసేపు నిలబడ్డారా, అసలు అద్దం వైపే వెళ్లలేదా? స్నానం చేసేటప్పుడు చూపు ఎక్కడ నిలవనివ్వరు? మీరు ఎంచుకున్న పేరుతో ఎవరైనా తొలిసారి పిలిచినప్పుడు ఎలా ఉంది?

ఇందులో బాధ కనిపిస్తే దాన్ని వైద్యులు జెండర్ డిస్ఫోరియా అంటారు. కానీ బాధ ఒక్కటే కొలమానం కాదు. తమ జెండర్‌ను ఎవరైనా సరిగ్గా గుర్తించిన క్షణంలో కలిగే తేలికదనం, సంతోషం కూడా అంతే విలువైన ఆనవాళ్లు. చాలామంది తమ బాధకు ఎంతగా అలవాటు పడిపోతారంటే, ఆ సంతోషం ఎదురైనప్పుడే వాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచే తెలిసి ఉండాలన్న నియమమూ లేదు. ఐదేళ్లప్పుడు తెలిసినవాళ్లు ఉన్నారు, యాభై దాటాక తెలిసినవాళ్లూ ఉన్నారు.

ఎవరో రాసిన లక్షణాల పట్టికతో మిమ్మల్ని సరిపోల్చుకుని మార్కులు వేసుకోకండి. తొందరపెట్టేవాళ్ల మాటా, ‘ఇదంతా ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్’ అనేవాళ్ల మాటా రెండూ పక్కన పెట్టండి. బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు స్థాపించిన లైంగిక శాస్త్ర సంస్థ 1919లోనే పని మొదలుపెట్టి ట్రాన్స్ వ్యక్తులకు వైద్య సహాయం అందించింది. 1933లో నాజీలు దాన్ని కొల్లగొట్టి, అక్కడి పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారు. వందేళ్లు దాటిన ఈ వైద్యాన్ని నిన్నమొన్నటిదనడం చరిత్ర తెలియక అనే మాట.

మందులు లేకుండా చేసి చూడగలిగినవి

హార్మోన్ల గురించి నిర్ణయం తీసుకునే ముందు చేసి చూడదగ్గవి చాలా ఉన్నాయి. వీటిలో దేన్నైనా ఎప్పుడైనా ఆపేయవచ్చు. నమ్మకస్తులైన ఒకరిద్దరిని కొత్త పేరుతో పిలవమనండి. ‘వచ్చాడు’ అనాలో ‘వచ్చింది’ అనాలో వాళ్లకు చెప్పండి. బట్టలు, జుట్టు మార్చి చూడండి. గొంతు విషయంలో స్పీచ్ థెరపిస్టు సహాయం చేయగలరు. స్వరం ఎంత సన్నగా లేదా లావుగా ఉందన్నదానితో పాటు, గొంతులో ఎక్కడ మారుమోగుతుంది, మాట ఎలా ఎగిసి దిగుతుంది అన్నవాటి మీద కూడా సాధన చేయిస్తారు. కొన్ని నెలలు పట్టినా చాలామందికి మార్పు తెలుస్తుంది.

ఛాతీని చదునుగా కనిపించేలా చేసుకునేవాళ్లు అందుకోసమే కుట్టిన బైండర్ వాడాలి. గాయాలకు కట్టే సాగే బ్యాండేజీ, ప్యాకింగ్ టేపు ఎంతమాత్రం వద్దు. ఊపిరి పీల్చినప్పుడు అవి సాగాల్సినంత సాగవు, పక్కటెముకలను నొక్కేస్తాయి. బైండరైనా రోజుకు ఎనిమిది గంటలకు మించి వేసుకోకపోవడం మంచిది. నిద్రలో, వ్యాయామంలో అసలు వద్దు. ఊపిరి ఆడకపోయినా, నొప్పి వచ్చినా వెంటనే తీసేయండి. కొలత ఒక సైజు తగ్గించి కొంటే ఇంకా చదునుగా ఉంటుందన్న ఆలోచన పక్కటెముకల నొప్పికి దారి తీస్తుంది.

ఎవరికి చెప్పాలి?

అందరికీ చెప్పాలన్న నియమం లేదు. ఇంటి నుంచి గెంటేస్తారనో, కొడతారనో, చదువు మాన్పిస్తారనో అనుమానముంటే ముందు బయట ఒక మనిషిని చూసుకోండి. అత్యవసరమైతే తలదాచుకునే చోటు, మీ గుర్తింపు పత్రాల నకళ్లు, చేతిలో కొంత డబ్బు సిద్ధంగా ఉంచుకున్నాకే ఇంట్లో చెప్పండి. ఇది పిరికితనం కాదు. మీ ప్రాణం కన్నా నిజం చెప్పడం ముఖ్యం కాదు.

వైద్యుడిని ఎలా వెతకాలి?

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోను చేసి అడగండి. ‘ట్రాన్స్ వ్యక్తులకు హార్మోన్ చికిత్స ఇక్కడ ఇస్తారా? ఎంతకాలంగా ఇస్తున్నారు? మొదలుపెట్టే ముందు సైకియాట్రిస్టు లేఖ అడుగుతారా? నేను చెప్పిన పేరుతోనే పిలుస్తారా?’ ఈ నాలుగు ప్రశ్నలకు రిసెప్షన్‌లో వచ్చే జవాబు, జవాబు చెప్పిన తీరు మీకు చాలావరకు చెప్పేస్తాయి. ‘కనుక్కుని చెబుతాను’ అని నిజంగా కనుక్కుని చెప్పిన చోటు, ‘అవన్నీ ఇక్కడ చేయం’ అని పెట్టేసిన చోటు కన్నా ఎంతో మేలు.

హార్మోన్ చికిత్సను ఎక్కువగా చూసేది హార్మోన్ల నిపుణులైన ఎండోక్రినాలజిస్టులు. అయితే అనుభవమున్న జనరల్ ఫిజీషియన్, గైనకాలజిస్టు కూడా చక్కగా చూసుకోగలరు. స్థానిక ట్రాన్స్ సంఘాల్లోని వాళ్లను అడగడం అన్నిటికన్నా నమ్మదగిన దారి. ఏ వైద్యుడు వింటాడో, ఎవరు విసుక్కుంటారో వాళ్లకు తెలిసినంతగా ఏ ప్రకటనా చెప్పదు.

వైద్యుడికి ఈ రంగం కొత్తయితే రెండు ప్రామాణిక మార్గదర్శకాల పేర్లు గుర్తుంచుకుని చెప్పండి. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ వృత్తి సంఘం డబ్ల్యూపాత్ 2022లో విడుదల చేసిన ‘స్టాండర్డ్స్ ఆఫ్ కేర్’ ఎనిమిదో కూర్పు ఒకటి. హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకం రెండోది. నేర్చుకోవడానికి సిద్ధపడే వైద్యుడు వీటి పేరు చెబితే నొచ్చుకోడు.

ఎవరైనా దీన్ని మానసిక రోగమంటే మీ దగ్గర స్పష్టమైన జవాబు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ఈ అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టింది. 2019లో ఆమోదం పొందిన ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ‘మీ జెండర్ గుర్తింపును మార్చేస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీ జోలికి మాత్రం వెళ్లవద్దు. అది మందులతో అయినా, ప్రార్థనలతో అయినా, కౌన్సెలింగ్ పేరుతో అయినా సరే. దాన్ని ప్రపంచమంతటా నిషేధించాలని ఐక్యరాజ్యసమితి స్వతంత్ర నిపుణుడు 2020లో పిలుపునిచ్చారు. మనిషిని కుంగదీయడం తప్ప అది చేసేదేమీ లేదు.

మొదటి సందర్శనకు ఎలా సిద్ధం కావాలి?

ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకుని వెళ్లండి. మీరు వేసుకుంటున్న మందులన్నీ, మూలికలు, విటమిన్లతో సహా. మీకూ మీ దగ్గరి బంధువులకూ ఉన్న జబ్బులు: ముఖ్యంగా రక్తం గడ్డకట్టడం, గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్, పార్శ్వనొప్పి, కాలేయ సమస్యలు. పొగతాగడం, మద్యం గురించి దాచకుండా నిజం. చివరగా, మీకేం కావాలో ఒకే వాక్యంలో.

ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎక్కువ సమయం పెట్టండి. ‘నేను ట్రాన్స్’ అని మాత్రమే చెబితే వైద్యుడికి మీ గురించి తెలుస్తుంది గానీ ఏం చేయాలో తెలియదు. ‘నా గొంతు లోతుగా మారాలి, నెలసరి ఆగాలి, కానీ ముఖం మీద వెంట్రుకల సంగతి ఇంకా తేల్చుకోలేదు’ అంటే సంభాషణ వెంటనే దారిలో పడుతుంది. అప్పుడు వైద్యుడు ‘ఈ మూడింటినీ పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ విడివిడిగా ఇవ్వదు, గొంతు కావాలంటే వెంట్రుకలూ వస్తాయి’ అని చెప్పగలడు. ఆ మాట మొదటిరోజే వినడం మీకు మంచిది.

మానసిక ఆరోగ్యం గురించి అడిగితే కంగారు పడకండి. కుంగుబాటు, ఆందోళన ఉన్నంత మాత్రాన చికిత్స నిరాకరించకూడదు. వాటికీ పక్కనే చికిత్స జరగాలి, అంతే. ఆ ప్రశ్నల ఉద్దేశం మీరు నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్నారా, చికిత్స ఫలితాలు అర్థమయ్యాయా అని చూడటం. అందుకే, నిరాకరిస్తారన్న భయంతో వైద్యుడికి వినసొంపుగా ఉండే కథ అల్లి చెప్పకండి. సందేహాలుంటే సందేహాలున్నాయనే చెప్పండి. చాలాచోట్ల ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు సమాచారం వివరించి, సమ్మతి తీసుకుని హార్మోన్లు మొదలుపెట్టే పద్ధతి అమల్లో ఉంది.

పిల్లలు కావాలా? ముందే తేల్చుకోండి

దీన్ని హార్మోన్ల కన్నా ముందు పెట్టడానికి కారణముంది. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్, అలాగే టెస్టోస్టెరాన్‌ను అణిచే మందులు వీర్యకణాల ఉత్పత్తిని బాగా తగ్గిస్తాయి. మందులు ఆపితే అది తిరిగి మొదలవుతుందన్న హామీ లేదు. కాబట్టి భవిష్యత్తులో సొంత బిడ్డ కావాలన్న ఆలోచన కొంచెమున్నా, మొదటి మాత్రకు ముందే వీర్యాన్ని శీతలీకరించి దాచుకోవడం గురించి అడగండి. టెస్టోస్టెరాన్ వాడబోయేవాళ్లు అండాలను దాచుకోవచ్చు. అయితే దానికి కొన్ని రోజుల పాటు ఇంజెక్షన్లు, ఒక చిన్న ప్రక్రియ అవసరమవుతాయి. టెస్టోస్టెరాన్ కొంతకాలం ఆపి గర్భం దాల్చిన ట్రాన్స్ పురుషులూ ఉన్నారు.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: ఈ హార్మోన్లు గర్భనిరోధకాలు కావు. నెలసరి ఆగిపోయినా అండం విడుదల కావచ్చు, గర్భం రావచ్చు. గర్భంలోని శిశువుకు టెస్టోస్టెరాన్ హాని చేస్తుంది. అవసరమున్నవాళ్లు విడిగా గర్భనిరోధక పద్ధతి వాడాల్సిందే.

హార్మోన్లు: ఏం మారుతుంది, ఏం మారదు

ఈస్ట్రోజెన్ వాడేవాళ్లకు మూడు నుంచి ఆరు నెలల్లో చర్మం మెత్తబడుతుంది, జిడ్డు తగ్గుతుంది, రొమ్ములు మొలకెత్తడం మొదలవుతుంది, తుంటి దగ్గర కొవ్వు చేరడం కనిపిస్తుంది, కండరాల బలం తగ్గుతుంది. రొమ్ముల ఎదుగుదల పూర్తి కావడానికి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. గొంతు మాత్రం మారదు, దానికి సాధనే దారి. గడ్డం పలచబడినా పోదు, దానికి లేజర్ గానీ, సూదితో కరెంటు పంపి వెంట్రుకల మూలాలను చంపే ఎలక్ట్రాలసిస్ గానీ కావాలి. ఎదిగిన రొమ్ములు మందు ఆపినా వెనక్కి వెళ్లవు. కొవ్వు, చర్మం, కండరాలు మాత్రం చాలావరకు మునుపటిలా అవుతాయి.

టెస్టోస్టెరాన్‌తో నెలసరి సాధారణంగా ఆరు నెలల లోపు ఆగుతుంది. మొటిమలు, జిడ్డు ముందుగా వస్తాయి. కొన్ని నెలల్లోనే గొంతు బొంగురుపోయి లోతుగా మారుతుంది, ఆ మార్పు శాశ్వతం. క్లిటోరిస్ (యోనిశీర్షం) పెరగడమూ శాశ్వతమే. గడ్డం నిండుగా రావడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. వంశంలో బట్టతల ఉంటే అదీ రావచ్చు.

ఎక్కువ మోతాదు వేసుకుంటే త్వరగా మారతామన్నది ఈ విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. మార్పుల వేగం చాలావరకు శరీర తత్వం మీద, వంశపారంపర్యం మీద ఆధారపడుతుంది. అదనంగా వేసుకున్న ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. అదనంగా తీసుకున్న టెస్టోస్టెరాన్‌లో కొంత శరీరంలోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, రక్తాన్ని చిక్కబరుస్తుంది కూడా.

ఈస్ట్రోజెన్‌లో కూడా రకాలున్నాయి. ఈ చికిత్సలో వాడాల్సింది ఎస్ట్రడియాల్. గర్భనిరోధక మాత్రల్లో ఎక్కువగా ఉండే ఎథినైల్ ఎస్ట్రడియాల్ రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది కాబట్టి మార్గదర్శకాలు దాన్ని వద్దంటాయి. సులువుగా దొరుకుతాయని ఆ మాత్రలను గుప్పిళ్లతో మింగేవాళ్లున్నారు, ఇది చదువుతున్న మీరు ఆ పని చేయకండి. పొగతాగేవాళ్లకు, వయసు మీరినవాళ్లకు, గతంలో రక్తం గడ్డకట్టినవాళ్లకు మాత్రల కన్నా చర్మానికి అతికించే ప్యాచ్ మేలు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. హార్మోన్లు వాడుతున్నానని అక్కడ తప్పక చెప్పండి.

టెస్టోస్టెరాన్‌ను అణిచే మందుల్లో స్పైరోనోలాక్టోన్ రక్తపోటును తగ్గిస్తుంది, రక్తంలో పొటాషియాన్ని పెంచుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఇదే పని చేసే మరో మందు సైప్రోటిరాన్‌ను పెద్ద మోతాదులో ఎక్కువకాలం వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే కణితి వచ్చే ముప్పు పెరుగుతుందని తేలింది. ఈ చికిత్సకు దాని తక్కువ మోతాదే సరిపోతుంది. మీ చీటీలో ఈ మందు పెద్ద మోతాదులో కనిపిస్తే ఎందుకని అడగండి.

సొంతంగా మందులు కొనుక్కునేవాళ్లు కోపంతోనో మొండితనంతోనో ఆ పని చేయరు. దారులన్నీ మూసుకుపోయాకే చేస్తారు. మీరు ఆ పరిస్థితిలో ఉంటే కనీసం రక్తపరీక్షలైనా క్రమం తప్పకుండా చేయించుకోండి, సూదులు ఎవరితోనూ పంచుకోకండి, ఏం వాడుతున్నారో వైద్యుడి దగ్గర దాచకండి. శరీరం గుండ్రంగా రావడానికి అర్హత లేనివాళ్ల చేత సిలికాన్ ద్రవం ఎక్కించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది రక్తనాళాల్లోకి చేరి ఊపిరితిత్తులను మూసేసి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి.

రక్తపరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకోండి

మొదటి ఏడాది దాదాపు మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు చేయించాలి. ఈస్ట్రోజెన్ వాడే ట్రాన్స్ మహిళలకు ఎండోక్రైన్ సొసైటీ చెప్పే లక్ష్యం: ఎస్ట్రడియాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పీకోగ్రాములు, టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపు. టెస్టోస్టెరాన్ వాడేవాళ్లకు డెసీలీటరుకు 400 నుంచి 700 నానోగ్రాముల మధ్య ఉంటే మంచిదంటారు. ఇంజెక్షన్ వేసుకునేవాళ్లు రక్తం ఏ రోజు ఇవ్వాలో ముందే అడగండి. సూది వేసుకున్న మర్నాడు ఒక అంకె, మరో సూదికి ముందురోజు మరో అంకె వస్తాయి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని రకాల హార్మోన్ పరీక్షల్లో అది తప్పు అంకెలు చూపిస్తుంది.

ఇప్పుడు రిపోర్టును చేతిలోకి తీసుకుని చూడండి. పైన పేరు పక్కన ఒక చిన్న గడిలో స్త్రీ అనో పురుషుడు అనో ఉంటుంది. కింద ఎర్రగా, లావుగా అచ్చయ్యే అంకెల్లో కొన్ని ఆ ఒక్క గడిని బట్టే నిర్ణయమవుతాయి. రెండేళ్లుగా టెస్టోస్టెరాన్ వాడుతున్న ట్రాన్స్ పురుషుడి పత్రాల్లో ఇంకా ‘స్త్రీ’ అనే ఉంటే, అతని హిమోగ్లోబిన్ పక్కన పైకి బాణం గుర్తు పడుతుంది. పురుషుల పరిధితో పోల్చితే ఆ అంకెలో ఏ తేడా ఉండదు. ట్రాన్స్ మహిళ విషయంలో దీనికి తలకిందులుగా, ఆమెకు లేని రక్తహీనత ఉన్నట్లు కనిపిస్తుంది. హార్మోన్లు స్థిరపడ్డాక హిమోగ్లోబిన్‌ను, రక్తంలో ఎర్రకణాల వాటాను చెప్పే హెమటోక్రిట్‌ను మీరు వాడే హార్మోన్‌కు తగిన పరిధితో పోల్చాలి. అయితే హెమటోక్రిట్ 54 శాతం దాటితే అది నిజమైన హెచ్చరికే. రక్తం మరీ చిక్కబడిందని అర్థం, మోతాదు మార్చాల్సి రావచ్చు. ఎర్ర బాణం చూసి భయపడి మందు ఆపేయకండి, బాణం ఎందుకు పడిందో వైద్యుడిని అడగండి.

ఆపరేషన్ల సంగతి

ఛాతీ ఆపరేషన్‌కు ముందు టెస్టోస్టెరాన్ వాడి తీరాలన్న షరతు లేదు. వృషణాలు లేదా అండాశయాలు తొలగించే ఆపరేషన్లకు ముందు మాత్రం, హార్మోన్లు కావాలనుకునేవాళ్లు కనీసం ఆరు నెలలు వాడి చూడాలని డబ్ల్యూపాత్ సూచిస్తుంది. పెద్దవాళ్లకు ఒక నిపుణుడి లేఖ సరిపోతుందని 2022 కూర్పు చెబుతుంది. రెండేసి లేఖలు అడిగే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి కాబట్టి ముందే కనుక్కోండి.

సర్జన్‌ను కలిసినప్పుడు మొహమాటపడకండి. ఈ ఆపరేషన్ ఇప్పటివరకు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని మళ్లీ సరిచేయాల్సి వచ్చింది, సమస్య వస్తే రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలి అని అడగండి. కోలుకున్నాక తీసిన ఫొటోలు చూపించమనండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సర్జన్ చేతికి మీ శరీరాన్ని అప్పగించనక్కర్లేదు.

యోని నిర్మాణ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ముందుగా ఆ భాగంలోని వెంట్రుకలను శాశ్వతంగా తొలగించుకోవాల్సి రావచ్చు, దానికే నెలలు పడుతుంది. ఆపరేషన్ తర్వాత డైలేటర్ అనే గొట్టం లాంటి సాధనంతో మొదట్లో రోజుకు కొన్నిసార్లు, ఆపైన క్రమంగా తగ్గిస్తూ వ్యాకోచం చేసుకోవాలి. మానేస్తే దారి కుంచించుకుపోతుంది. ఇది కొన్ని వారాలతో ముగిసే పని కాదని ముందే తెలిసి ఉండాలి. పురుషాంగ నిర్మాణం సాధారణంగా పలు విడతల్లో జరుగుతుంది, మూత్రమార్గంలో సమస్యలు రావడం అరుదు కాదు. ఏ ఆపరేషన్‌కైనా పొగ మానేయడం తప్పనిసరి, నికోటిన్ గాయాన్ని మాననివ్వదు. మీతో కొన్ని వారాలు ఉండి చూసుకునే మనిషి ఎవరో తేదీ ఖరారు కాకముందే తేల్చుకోండి.

వైద్యుడు కాదంటే?

కారణం రాతపూర్వకంగా అడగండి. ‘మీకు రక్తపోటు అదుపులో లేదు, అది తగ్గాక మొదలుపెడదాం’ అంటే అది వైద్యపరమైన కారణం. గడువు ఎంతో, అప్పటిదాకా ఏం చేయాలో అడిగి తెలుసుకోండి. ‘మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా?’ అని పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను అడగడం వైద్యపరమైన కారణం కాదు. మరో వైద్యుడిని చూసుకోండి. చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి. అర్జెంటీనా 2012లో చేసిన చట్టం న్యాయమూర్తి, వైద్యుడి అనుమతి లేకుండానే పత్రాల్లో జెండర్ మార్చుకునే హక్కునిచ్చింది, ఈ వైద్యాన్ని తప్పనిసరి ఆరోగ్య సేవల్లో చేర్చింది. మరికొన్ని దేశాల్లో తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. మీ చోట ఏ నియమం అమల్లో ఉందో న్యాయ సహాయం చేసే సంఘాల ద్వారా తెలుసుకోండి.

మీకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే, లేదా మీరు తల్లిదండ్రులైతే

యుక్తవయసు మొదలుకాని పిల్లలకు మందులూ ఆపరేషన్లూ ఉండవు. పేరు, బట్టలు, జుట్టు, వినే పెద్దవాళ్లు, ఇవే ఆ వయసుకు కావాల్సినవి. యుక్తవయసు లక్షణాలు మొదలయ్యాక వాటిని తాత్కాలికంగా నిలిపే మందుల విషయంలో దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఫిన్లాండ్ 2020లో, స్వీడన్ 2022లో నియమాలు బిగించాయి. ఇంగ్లండ్‌లో 2024లో వాటిని మామూలుగా రాయడం ఆపేశారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018 నాటి తన సమర్థనను 2023లో మళ్లీ ధ్రువీకరిస్తూనే, ఆధారాలను కొత్తగా సమీక్షించాలని నిర్ణయించింది. ఎముకల సాంద్రత, భవిష్యత్తులో సంతానం గురించి అడగాల్సిన ప్రశ్నలున్నాయి. పిల్లలు కుంగిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం వల్ల జరిగే హాని గురించీ అడగాలి.

తల్లిదండ్రులారా, మందుల గురించి మీకు సందేహముంటే తప్పులేదు. కానీ బిడ్డ చెప్పింది వినడానికి, అడిగిన పేరుతో పిలవడానికి ఏ వైద్యుడి అనుమతీ అక్కర్లేదు. ఆ పని ఈ సాయంత్రమే చేయవచ్చు. బిడ్డ చనిపోవాలన్న మాట ఎత్తితే దాన్ని బెదిరింపుగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే అత్యవసర సహాయం తీసుకోండి.

తర్వాతి ఏళ్లలో

ఏ అవయవం ఉంటే దానికి పరీక్ష కావాలి, పత్రాల్లో ఏం రాసి ఉన్నా సరే. గర్భాశయ ముఖం ఉన్న ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్ష కావాలి. యోని నిర్మాణంలో ప్రోస్టేట్‌ను తీసేయరు, కాబట్టి ట్రాన్స్ మహిళ వైద్యుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. రొమ్ములు పెరిగినవాళ్లు వయసు, హార్మోన్లు వాడిన కాలాన్ని బట్టి రొమ్ము పరీక్షల గురించి అడగాలి. వృషణాలు లేదా అండాశయాలు తొలగించుకున్నాక హార్మోన్లు మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. అందుకే డబ్బు లేకనో, మందు దొరకకనో ఆపాల్సి వస్తే ముందుగా వైద్యుడితో మాట్లాడండి.

వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, ఏ తేదీన ఏ ఆపరేషన్ జరిగింది, ఏ అవయవాలు ఉన్నాయి అన్న వివరాలను ఒకే పేజీలో రాసి దగ్గర ఉంచుకోండి. నకలు ఒకటి మీరు నమ్మే మనిషి దగ్గర ఉంచండి. ఊరు మారినా, వైద్యుడు మారినా, స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేర్చినా మీ గురించి మొదటి నుంచి చెప్పుకోవాల్సిన అవసరం రాదు.